ఏతి వంతు

చర్చిలో పాటల సాధన జరుగుతుండగా లూపె కొప్పులోంచి దువ్వెన జారి కింద పడింది. తాబేటి చిప్పతో చేసిన దువ్వెన అది. పెళ్ళినాడు అత్తగారు అపౌలా తన తలలోంచి తీసి కోడలి తలలో గుచ్చింది. పడిన చప్పుడు చిన్నదే. కాకపోతే పాటలో అందరూ ఊపిరి పీల్చుకునే చోటు చూసుకుని మరీ పడింది.

"ఎవరిదమ్మా అది?" అంది పాట నేర్పే మెలె, ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆపి.

"నాదే పిన్నీ," అంది లూపె.

"మళ్ళీ నీదేనా? ఈ పాటలో దువ్వెనకి వంతు పెట్టలేదే నేను."

ఆడవాళ్ళంతా నవ్వారు. లూపె వంగి దువ్వెన తీసుకుని మళ్ళీ గుచ్చుకుంది. గుచ్చుకోవడానికి కొప్పంటూ ఉండాలి. కొడుకు ఏతి కడుపులో ఉన్నప్పుడు ఆ కొప్పు రెండు గుప్పిళ్ళలో పట్టేది కాదు. ఇప్పుడు ఏతికి బోర్లా పడడం వచ్చింది, తల్లి కొప్పు నిమ్మకాయంత అయింది. నిమ్మకాయలో గుచ్చిన దువ్వెన ఎంతసేపు నిలుస్తుంది.

ముందు వరసలో నిలబడ్డ అత్తగారు వెనక్కి తిరగలేదు. ఆమె కొప్పు నున్నగా, నల్లగా, సగం కొబ్బరి చిప్ప బోర్లించినట్టు ఉంటుంది. ఆ కొప్పు కదిలిందంటే ఆమెకి కోపం వచ్చినట్టు. ఇప్పుడు అది కదిలింది.

"అది మా అమ్మ దువ్వెన," అంది అపౌలా ఇంటికి నడుస్తూ. "ఇన్నేళ్ళు నా తలలో ఉంది. ఒక్కసారి పడితే ఒట్టు."

"జుట్టు రాలిపోతోంది అత్తయ్యా."

"కనపడుతూనే ఉంది. నిన్న మీ మావయ్య పులుసులో కూడా కనపడింది."

"అయ్యో. మావయ్య ఏమన్నారు?"

"ఏమంటారు, పెద్దమనిషి. తీసి పక్కన పెట్టి తిన్నారు. పక్కన పెట్టడం మాత్రం అందరికీ కనపడేలా పెట్టారు."

ఊళ్ళో లూపె జుట్టు సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆ దీవిలోని గోడల్లేని ఇళ్ళలో ఒకరు తల దువ్వుకుంటే పదిమంది చూస్తారు. చూసినవాళ్ళంతా తలా ఒక మందు చెప్పారు. నిమ్మకాయ రుద్దమంది మెలె. సముద్రం నీళ్ళతో కడగమంది మెలె చెల్లెలు. పొద్దు గుంకే వేళ నీళ్ళ మడుగు దగ్గర జుట్టు విరబోసుకుని ఉంటావు, ఏ కనపడని దయ్యపు పిల్లకో కన్నుకుట్టి ఉంటుంది, అంది చర్చి పక్కింటి ముసలావిడ. అత్తగారు మాత్రం పూలు వేసి కాచిన కొబ్బరినూనెని నమ్ముకుంది. అందరూ తల మీద పోసేవే చెప్పారు, లూపె అన్నీ పోసుకుంది.

"నిమ్మరసం, ఉప్పునీళ్ళు, కొబ్బరి," అన్నాడు ఆమె భర్త తవిత, ఆమె తల దగ్గర ముక్కు పెట్టి. "ఇంక పచ్చి చేప ముక్కలూ ఉల్లిపాయా కలిపితే వడ్డించెయ్యొచ్చు. నీ పక్కన కూర్చుంటే ఆకలేస్తోంది."

"నాకెప్పుడూ వేస్తూనే ఉంది," అంది లూపె. తవిత అది కూడా హాస్యమే అనుకుని నవ్వాడు.

ఆ రాత్రి అపౌలా దూలం మీద నుంచి పెద్ద మూట దింపింది. అందులో నాట్యం చేసేటప్పుడు ఇంటి ఆడపిల్ల పెట్టుకునే కిరీటం ఉంది. దాని చుట్టూ కుట్టిన జుట్టంతా ఆ కుటుంబం ఆడవాళ్ళదే. అది కూడా ఈ మధ్య పలచబడింది. అపౌలా దాన్నీ కోడలి తలనీ మార్చి మార్చి చూసింది.

"తెల్ల ఆదివారం పండుగ అయిపోనీ. సోమవారం పొద్దున్నే కత్తిరించేద్దాం," అంది. "రాలి చీపురు పాలవడం కంటే దీనికి పనికొస్తుంది. బరువు తగ్గితే కుదుళ్ళు కూడా గట్టిపడతాయి."

"భుజాల దాకానా అత్తయ్యా?"

"మగపిల్లాడికి చేసినట్టు. సగం సగం పనులు నాకు నచ్చవు."

ఈ ఊరికి కోడలిగా వచ్చేటప్పుడు లూపె వెంట వచ్చినవి నాణ్యమైన చాపలు, ఈ జుట్టు. చాపలు పెళ్ళినాడే చుట్టాలకి పంచేశారు. జుట్టొక్కటే ఇంకా ఆమెది.

గురువారం మహిళా సంఘం ఇంట్లో పిల్లల్ని తూచారు. జిల్లా ఆసుపత్రి నుంచి నర్సు వచ్చింది. గొంతు పెద్దది, పని త్వరగా చేస్తుంది. ఏతిని గుడ్డలో వేసి కాటాకి తగిలిస్తే వాడు అరటిగెలలాగా ఊగాడు.

"వీడికేం లోటు లేదు," అంది నర్సు. వాణ్ణి దింపి తల్లి చేతికిస్తూ ఆగి, లూపె కంటి కిందిరెప్ప బొటనవేలితో లాగి చూసింది. "జుట్టు రాలుతోందా?"

లూపె నోరు తెరిచేలోపు సంఘం అంతా జవాబు చెప్పింది. పులుసు సంగతి మెలె చెప్పింది.

"భయపడకు," అంది నర్సు. "కడుపుతో ఉన్నప్పుడు రాలాల్సిన జుట్టు రాలకుండా ఆగుతుంది. కాన్పయిన కొన్ని నెలలకి ఆ ఆగిందంతా ఒక్కసారే రాలుతుంది. ఎవరి కన్నూ కాదు, ఏ దయ్యమూ కాదు. మళ్ళీ దానంతటదే వస్తుంది."

మందులు చెప్పినవాళ్ళు కాస్త నిరాశపడ్డారు. ముసలావిడ అయితే దయ్యం తరఫున నొచ్చుకున్నట్టు ముఖం పక్కకి తిప్పుకుంది.

"కానీ వచ్చే జుట్టుకి సరుకు కావాలిగా. ఈ అమ్మాయి రెప్ప లోపల ఎరుపే లేదు. తిన్నది తిన్నట్టు పాలై వీడికి పోతోంది. ఒళ్ళు ముందు గుండెకి పెడుతుంది, ఊపిరికి పెడుతుంది, పిల్లాడికి పెడుతుంది. జుట్టుకి ఆఖరి పంక్తి. మిగిలితే తింటుంది, లేకపోతే లేదు. చేప, గుడ్డు, కాలేయం, చేమాకు తినాలి, నిమ్మకాయ పిండుకుని. నెత్తి మీద కాదు, పళ్ళెంలో."

లూపెకి ఆఖరి పంక్తి అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. తన జుట్టు కూడా తనలాగే వెనక వంటపాకలో కూర్చుని గిన్నె ఎప్పుడొస్తుందా అని చూస్తోందన్నమాట.

"మా ఇంట్లో తిండికేం తక్కువ?" అంది అపౌలా, కొప్పు కదుపుతూ. "మా కుండ చూడు ఓసారి వచ్చి. అయినా వంట దగ్గర ఉండేవాళ్ళకి ఏం లోటు, రుచి చూస్తూ చూస్తూనే కడుపు నిండిపోతుంది."

"మంచిదే," అంది నర్సు, అప్పటికే ఇంకో పిల్లని గుడ్డలో వేస్తూ. "ఈ పిల్లాడికి వేరే పళ్ళెం లేదు, గుర్తుపెట్టుకోండి. వాడి పళ్ళెం వాళ్ళమ్మ నోట్లోనే ఉంది." వెళ్ళేముందు రక్తం పట్టడానికి మాత్రల పొట్లం ఒకటి ఇచ్చింది. లూపె చెయ్యి చాపింది గానీ, పొట్లం అపౌలా అందుకుంది.

"నేను చూసుకుంటాలే. నువ్వు పారేస్తావు."

ఆ సాయంత్రం తవిత రెండు చేతులా మోసుకొచ్చేంత చేప తెచ్చాడు. లూపె దాన్ని కొబ్బరిపాలలో ఉడికించింది. అల్లిన పళ్ళేల్లో పచ్చి ఆకు పరిచి వడ్డించింది. మావగారు పొలోమాకి తల, ఆయన కోసం వచ్చిన ఇద్దరు పెద్దలకి నడుము ముక్కలు, అత్తగారికి పొట్ట భాగం. వాళ్ళు తింటున్నంతసేపూ లూపె పక్కన కూర్చుని ఈగలు వాలకుండా విసనకర్ర విసిరింది. చేప దవడ పక్కన మెత్తని కండ ఒకటుంటుంది. మావగారు దాన్ని వేలితో ఊడదీసి నోట్లో వేసుకునేటప్పుడు విసనకర్ర ఒక్క క్షణం ఆగింది. ఈగ వాలింది.

"నిద్రొస్తోందా అమ్మా?" అన్నాడు పొలోమా దయగా.

"లేదు మావయ్యా."

తర్వాత పిల్లల పంక్తి. తవిత అన్న పిల్లలు, ఆడపడుచు పిల్లలు, అందరూ ఆ ఇంట్లోనే. చివరికి లూపె వెనక పాకలోకి వెళ్ళేసరికి కుండలో తెల్లటి పులుసు మిగిలింది, అందులో ఒక ముల్లు తేలుతోంది. ఉడికిన అరటికాయలు రెండు పులుసులో ముంచుకుని తింది. తవిత కూడా ఆఖరి పంక్తే గానీ, అతను రాళ్ళ పొయ్యి దగ్గర సీమపనసకాయ కాల్చుకుంటూ సగం అక్కడే కానిచ్చేస్తాడు. ఎవరూ ఆమెకి పెట్టొద్దని అనలేదు. కాన్పయిన కొత్తలో అపౌలా లేత కొబ్బరి గంజి కాచి, దగ్గర కూర్చుని గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగించింది. నెల తిరిగాక లూపె మళ్ళీ కోడలైంది, అంతే.

పడుకోబోయేముందు అత్తగారు కోడలి తలకి నూనె పట్టించింది. నూనె రంగు చూసి లూపె వెనక్కి తిరిగింది.

"ఏంటత్తయ్యా, ఎర్రగా ఉంది?"

"నర్సు ఇచ్చిన మాత్రలే. నూరి కలిపాను. జబ్బు నెత్తిన ఉంటే మందు పొట్టలోకి ఎందుకు? అంత దూరం తిరిగి రావాలి."

"నర్సు మింగమన్నదేమో."

"నర్సుకి పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. తల ఇటు పెట్టు."

పొద్దున్నే చాప మీదా, లూపె చెవుల మీదా, ఏతి బుగ్గ మీదా కూడా ఎర్రటి మరకలు. పొలోమా టీ తాగుతూ చాలాసేపు చూశాడు. "కోడలు తుప్పు పట్టిందేమిటే?" అని భార్యని మెల్లగా అడిగాడు.

తెల్ల ఆదివారం పిల్లల పండుగ. ఆ రోజు చర్చిలో పెద్దలు కూర్చుంటారు, పిల్లలు నిలబడి వాక్యాలు చెబుతారు. ఇంట్లో కూడా ఆ ఒక్కరోజు పిల్లలే ముందు తింటారు. పెద్దలు వడ్డించి, విసిరి, తర్వాత తింటారు. ఏతికి ఇది మొదటి పండుగ. వాడి వాక్యం తల్లే చెప్పాలి. లూపె వారం రోజులుగా కుండలు తోముతూ దాన్ని నెమరేసుకుంటోంది.

తెల్ల బట్టలు వేసిన ఏతిని ఎత్తుకుని ఆమె ముందుకొచ్చింది. మొదటి ముక్క బాగానే వచ్చింది. రెండో ముక్క దగ్గర ఏతి చెయ్యి పైకి వెళ్ళి కొప్పు పట్టుకుంది. దువ్వెన పడింది. లూపె వాక్యం ఆపలేదు. వాడు గట్టిగా లాగి, చేతికొచ్చినంత జుట్టు పిడికిట్లో పట్టుకుని, జెండా ఊపినట్టు పాస్టరు గారి వైపు ఊపాడు. చర్చిలో విసనకర్రలన్నీ ఒక్కసారిగా ముఖాలకి అడ్డం వచ్చాయి. పాస్టరు గారు నవ్వు ఆపుకోలేక వాక్యం పూర్తికాకముందే ఆమెన్ అనేశారు. అయినా పాస్టరమ్మ గారు లేచి వచ్చి, మిగతా పిల్లలకి ఇచ్చినట్టే ఏతికీ బిస్కెట్ పొట్లం బహుమతిగా ఇచ్చారు.

బయటికొచ్చాక మెలె అపౌలా పక్కకి చేరింది. "మీ మనవడు బుద్ధిమంతుడు వదినా. సోమవారం పని ఆదివారమే మొదలెట్టాడు."

అపౌలా కొప్పు కదిలింది. లూపె తల వంచుకుని నడిచింది.

తవిత వాళ్ళు ఆ ఆదివారం తెల్లవారకముందే రాళ్ళ పొయ్యి వేసి ఉంచారు. పైన కప్పిన ఆకులు తీసేసరికి పొగతోపాటు వాసన వీధి దాకా వెళ్ళింది. పంది మాంసం, కోడి, పెద్ద చేప, కొబ్బరిపాలు పోసి చుట్టిన చేమాకు పొట్లాలు. పిల్లలు ముందింట్లో బారుగా కూర్చున్నారు. అపౌలా నడుముకి గుడ్డ బిగించి తనే వడ్డనకి దిగింది. ఏడాదికోసారి చేసే పని కాబట్టి హుషారుగా చేస్తుంది.

లూపె ఏతిని పంక్తి చివర, తన మోకాలికి ఆనించి కూర్చోబెట్టింది. తనూ వాడి వెనకే కూర్చుంది.

"వాణ్ణి ఇటిచ్చి విసనకర్ర తీసుకో," అంది అపౌలా.

"వీడి పళ్ళెం రాలేదత్తయ్యా."

పళ్ళేలు మోస్తున్నవాళ్ళు ఆగారు. లూపె గొంతు ఆ ఇంట్లో అంత స్పష్టంగా వినపడడం ఎవరికీ అలవాటు లేదు.

"వాడికి పళ్ళేవే, పళ్ళెం పెట్టడానికి?"

"వాడికి మాటలు కూడా రావు," అంది లూపె. బిడ్డ నడుము గట్టిగా పట్టుకుంది. "పొద్దున నా నోటితో వాక్యం చెప్పాడు. అందరూ వాడే చెప్పాడన్నారు. బహుమతి కూడా వాడికే ఇచ్చారు. పొద్దున వాడిదైన నోరు, మధ్యాహ్నానికి ఎవరిదవుతుంది?"

అపౌలా భర్త వైపు చూసింది. పొలోమా ఊరి తగవులు తీర్చే మనిషి. పొలాల హద్దుల మీద, పారిపోయిన పందుల మీద తీర్పులు చెప్పాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు.

"బిస్కెట్లు ఏమయ్యాయి?" అని అడిగాడు.

"పిల్లలు తినేశారు," అన్నాడు తవిత.

"అయితే తిరిగి ఇవ్వడానికి లేదు. వాక్యం వాడిదేనని ఒప్పుకున్నట్టే. ఆ నోరు ఇవాళంతా వాడిదే. పెట్టు."

"ఎంత పెట్టను? అంత పసివాడికి?"

"పంక్తిలో తేడా ఉండకూడదు. ముందు వచ్చిన పళ్ళెం ముందు వాడికే." పొలోమా లేచి వచ్చి లూపె పక్కన ఉన్న విసనకర్ర తీసుకుని, పంక్తి చివర కూర్చుని విసరడం మొదలుపెట్టాడు.

ముందు వచ్చిన పళ్ళెంలో చేప తల ఉంది. లూపె దవడ పక్క మెత్తని కండని వేలితో ఊడదీసింది. చేప, ఆ తర్వాత పంది కాలేయం ముక్క, ఆ తర్వాత చేమాకు పొట్లం. నిమ్మకాయ పిండుకుంది, పళ్ళెంలోనే. మొదట సిగ్గుతో చిన్న చిన్న ముద్దలు తింది. తర్వాత సిగ్గు ఎటో పోయింది. ఏతి రెండు చేతులతో పళ్ళెం అంచు మీద దరువేశాడు.

"తాతా, ఏతి భలే తింటున్నాడు," అంది పక్కన కూర్చున్న పిల్ల.

"మారు అడుగుతున్నాడేమో చూడు," అన్నాడు పొలోమా విసురుతూ.

"అడుగుతున్నాడు," అంది లూపె.

పిల్లలు లేచారు, ఇంటి మగపెద్దలు తిన్నారు. లూపె ఖాళీ పళ్ళెం పట్టుకుని వెనక పాకలోకి వెళ్ళేసరికి అపౌలా ఒక్కతే కుండ ముందు కూర్చుని ఉంది. గరిటె తిప్పుతోంది. అది కుండ అడుగున ఠంగుమంది.

"చేప ఏదే?"

"అయిపోయిందత్తయ్యా."

"అంత చేపా? తల?"

"ఏతి తిన్నాడు."

"తోక?"

"మావయ్యకి వేశారు మీరే."

"మరి వండిన వాళ్ళకి?"

"పులుసుంది."

అపౌలా పులుసు పోసుకుంది. అరటికాయ ముంచి కొరికింది. చాలాసేపు నమిలింది. ఇంకో గరిటె తిప్పి చూసింది, ఏదైనా తగులుతుందేమోనని. ముల్లు తగిలింది.

"రోజూ ఇంతేనా?" అంది, తల ఎత్తకుండా.

"రోజూ అరటికాయ ఉండదు."

అపౌలా నమలడం ఆపింది. కాసేపటికి చెయ్యి తలకి పోనిచ్చి, కొప్పు విప్పింది. ఆ పెద్ద కొప్పు మధ్యలోంచి ఇంకో చిన్న ఉండ బయటికి వచ్చింది. దారంతో చుట్టి చుట్టి గట్టిపడిన సవరం. కోడలి ముందు పెట్టింది. మిగిలిన ఆమె సొంత జుట్టు భుజం మీద సన్నగా వేలాడింది.

"తవిత పుట్టినప్పుడు ఊడిన జుట్టు ఇది," అంది. "ఊడిందంతా పోగేసి చుట్టాను. ఇన్నేళ్ళూ నూనె తక్కువైందనుకున్నాను."

"అప్పుడు మీరేం తినేవారు అత్తయ్యా?"

అపౌలా కుండలోకి చూసింది. జవాబు అందులోనే ఉంది. సవరం మళ్ళీ లోపల పెట్టి కొప్పు చుట్టుకుంటూ, "మెలెకి చెప్పావంటే చంపేస్తాను," అంది.

సోమవారం పొద్దున్నే లూపె చాప మీద కూర్చుని జుట్టు విప్పుకుంది. చెప్పిన మాట తప్పే మనిషి కాదు అత్తగారు. కత్తెర ఎక్కడ ఉంచుతుందో కూడా లూపెకి తెలుసు. దూలం మీదికి చెయ్యి వెళ్ళిన చప్పుడు వినపడింది. ఏతిని ఒళ్ళో గట్టిగా పెట్టుకుని, మెడ వంచి, కళ్ళు మూసుకుంది.

కత్తెర కరకరలాడింది. మెడకి చల్లగా ఏమీ తగల్లేదు. మళ్ళీ కరకరలాడింది. లూపె ఒక కన్ను తెరిచి వెనక్కి చూసింది.

అపౌలా పాకలో పీట మీద కూర్చుని, తవిత తెచ్చిన చేప రెక్కలు కత్తిరిస్తోంది. రెక్కలయ్యాక తల కోసి, ఆకులో చుట్టి, పెద్దల పళ్ళేలు ఇంకా నేల మీదికి దిగకముందే నిప్పుల పక్కన విడిగా పెట్టింది.

"అది ఎవరికి అత్తయ్యా?"

"ఏతి వంతు."

"పండుగ నిన్నటితో అయిపోయిందిగా."

"మనకి అయిపోయింది. వాడికి ఇదే మొదటిది, కాస్త ఎక్కువ రోజులుంటుంది. జుట్టు ముడేసుకో, వంటలో పడుతుంది." ఆమె కత్తెర కడిగి పైన పెట్టేసింది. "మధ్యాహ్నం మెలె ఆసుపత్రి వైపు వెళ్తోంది. మాత్రలు ఇంకో పొట్లం తెమ్మంటాను. ముందువి ఏమయ్యాయని నర్సు అడిగితే ఎలుకలు తిన్నాయని చెప్పిస్తాను."

"ఆ ఎలుకలకి జుట్టు బాగా వస్తుందేమో," అంది లూపె.

అపౌలా ఆమె వైపు తేరిపార చూసింది. కొప్పు కదిలింది. కానీ ఈసారి అది కోపానికి కాదు, ఆమె నవ్వు బయటికి రాకుండా తల తిప్పుకోవడం వల్ల.

కాసేపటికి ముందింట్లోంచి పొలోమా గొంతు వినిపించింది.

"ఏమే, ఈ చేపకి తల లేదేం?"

"మీ మనవడు తిన్నాడు," అంది అపౌలా పాకలోంచే.

తీర్పు చెప్పిన మనిషి తన తీర్పునే తిరగేసి చూసుకుంటున్నట్టుంది.

"వాడికింకా పళ్ళు రాలేదుగా?"

"వస్తాయి. ఆ పిల్లకి జుట్టూ వస్తుంది. మీరు తోక తినండి."